రిమార్కులకు గడి లేదు

జిల్లా ఆసుపత్రి రక్తనిధిలో ఇరవై రెండేళ్ళుగా పని సవ్యంగా జరిగిపోతోంది. ఆ సంగతి రాజధానిలోని పెద్దలకు ఎలా తెలిసిందో గాని, వాళ్ళకది మింగుడు పడలేదు. ఒక పటం లేదు, ఒక ప్రణాళిక లేదు, అయినా అడిగినవాళ్ళకు రక్తం అందుతోందంటే ఎక్కడో ఏదో పెద్ద లోపం ఉండే ఉంటుందని ఒక పూట సమావేశమై తేల్చారు.

వాళ్ళ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కూడా కాదు. పక్క జిల్లాలో ఎవరో ఉత్సాహవంతుడు ముందూ వెనకా చూడకుండా కంప్యూటర్లో రక్తదాతల డేటాబేస్ కట్టేశాడు. వయసు ఉండాల్సిన చోట బాటిళ్ళ సంఖ్య పడింది. రెండు బాటిళ్ళ రక్తమిచ్చిన పెద్దమనిషికి రెండేళ్ళ వయసొచ్చి, ఆయనకు పోలియో చుక్కలు వేయించమని ఇంటికి సందేశాలు వెళ్ళాయి. కట్టే ముందు ఏ సమాచారం ఎక్కడుండాలో కాగితం మీద గీసుకుని ఉంటే ఆ గోల ఉండేది కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ కూడా ముందు ముగ్గు పోసుకునే గదా పునాది తవ్వుతాడు. మన పెద్దలు ఆ ఇంగితాన్ని పట్టుకున్నారు. పట్టుకుని, ఇక ఇల్లెందుకులే అని ముగ్గులోనే కాపురం పెట్టేశారు.

ఆ మేరకు సర్క్యులర్ వచ్చింది. అందులో రెండే అంశాలు. ఒకటి, సమగ్ర పటం ఆమోదం పొందనిదే ఏ డేటాబేసూ నిర్మించరాదు. రెండు, డేటాబేస్ నిర్మించనిదే దాతల సమాచారం మరెక్కడా ఉంచరాదు. మొదటిది చదివి అందరూ తలూపారు. రెండోది ఎవరూ చదవలేదు.

చదివింది కనకలక్ష్మి ఒక్కతే. ఆమె రక్తనిధిలో సీనియర్ టెక్నీషియన్. ఊళ్ళో సగం మంది నరాలు ఆమె వేళ్ళకు తెలుసు. ఆమె దగ్గర ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్టలు ఊడిపోతే సెలైన్ డబ్బా అట్ట కత్తిరించి కుట్టుకుంది. పేరు, గ్రూపు, ఫోను, చివరిసారి ఇచ్చిన తేదీ, రిమార్కులు అని ఐదు గళ్ళు. మొదటి నాలుగూ కలిపి సగం పేజీ అయితే రిమార్కులొక్కటే మిగిలిన సగం.

అసలు రక్తం వచ్చేది ఆ సగంలోంచే. "వస్తానంటే రాడు, చూస్తానంటే వస్తాడు" అని ఒకరికి. "సోమవారం ఒక్క పొద్దు, మంగళవారం పిలవాలి" అని ఇంకొకరికి. ఊరు మొత్తానికి కష్టకాలంలో దొరికే ఓ నెగెటివ్ మనిషి, గాజుల షాపు ఖాజా మియా పేరుకెదురుగా ఇలా ఉంది: "ఫోన్ ఎత్తడు. పక్క ఇస్త్రీ బండిని అడగాలి. సూది చూస్తే పడిపోతాడు, పావురాల ముచ్చట తియ్యాలి. తమ్ముడిదీ ఇదే గ్రూపు, ఇద్దర్నీ ఒకేసారి పిలవొద్దు, షాపు మూయాల్సొస్తది."

కనకలక్ష్మికి కంప్యూటర్ అంటే కోపమేం లేదు. పుస్తకం చివికిపోతోంది, తనకు మూడేళ్ళలో రిటైర్మెంటు. ఇదంతా ఎవరో ఒకరు భద్రంగా ఎక్కించుకుంటే మంచిదేనని సంబరపడింది కూడా. పాపం, ఎక్కించుకోవడానికే వస్తున్నారనుకుంది.

వచ్చినాయన పేరు హరినందన్, సమాచార నిర్మాణ సలహాదారు. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక తెల్లబోర్డు, ఆరు రంగుల పెన్నులు వెంట తెచ్చుకున్నాడు. సూపరింటెండెంట్ డాక్టర్ విశ్వంభరం ఆయన్ని రక్తనిధిలోకి తీసుకొచ్చి, శాలువా కప్పి, "పై నుంచి అందిన ఆదేశాల వెలుగులో మన సంస్థ ఒక చారిత్రక మలుపు వద్ద నిలబడి ఉన్నది" అన్నాడు. విశ్వంభరం ఆ మాట ఆసుపత్రికి కొత్త చీపుళ్ళు వచ్చినప్పుడూ అన్నాడు.

హరినందన్ బోర్డు మీద ఒక గడి గీసి, వెనక్కి జరిగి, దాన్ని కాసేపు చూసుకున్నాడు.

"మేడమ్, దాత అంటే ఎవరు?"

"రక్తమిచ్చేటోడు సార్" అంది కనకలక్ష్మి.

"ఇవ్వక ముందు?"

"ఇవ్వక ముందు ఎవ్వడో మనిషి."

"చూశారా! అంటే మనిషి అన్నది మూల గడి. దాత అన్నది ఉప గడి. ఇవాళ్టి దాత రేపు రోగి అయితే? ఒకే మనిషి రెండు గళ్ళలో ఉండొచ్చా?"

"రోగమొస్తే మంచం మీద ఉంటడు సార్."

"మీరు భౌతిక స్థాయికి దిగిపోతున్నారు మేడమ్" అన్నాడాయన జాలిగా. "మూడు స్థాయిలుంటాయి. భావనా స్థాయి, తార్కిక స్థాయి, భౌతిక స్థాయి. మనం ఇంకా భావనా స్థాయిలోనే ఉన్నాం. రక్తం భౌతిక స్థాయిలో వస్తుంది."

మనిషి గడి తేలడానికి నాలుగు రోజులు పట్టింది. చనిపోయినవాడు మనిషి గడిలో ఉండాలా వద్దా అన్నదానికి ఇంకో రెండు రోజులు. ఏడో రోజు నుంచి నలుగురు టెక్నీషియన్లలో ముగ్గుర్ని పనిలోంచి తీసి గడి బాధ్యులుగా వేశారు. ఒక్కో గడికి ఒకరు, ఆ గడిలోకి ఏం రావాలో కాపలా కాయడానికి. నాలుగో మనిషి కనకలక్ష్మి మిగిలింది, ఎవరో ఒకరు రక్తం తియ్యాలి గనక.

అప్పుడు హరినందన్ నోట్‌బుక్ అడిగాడు. కనకలక్ష్మి చీర కొంగుతో దుమ్ము తుడిచి మరీ ఇచ్చింది. ఆయన నాలుగు పేజీలు తిరగేశాడు. ముఖంలో రంగులు మారాయి.

"ఈ రిమార్కులేమిటి?"

"గదే సార్ అసలుది. గది సూసే పిలుస్త."

"పావురాలకూ రక్తనిధికీ ఏమిటండీ లంకె? మంచి నిర్మాణంలో రిమార్కులన్న గడి ఉండదు మేడమ్. ఆ గడి పెట్టాల్సి వచ్చిందంటే నిర్మాణం విఫలమైందని అర్థం."

"మరి గవన్ని యాడ రాయాలె సార్?"

"రాయనక్కర్లేదు. సరైన పటం ఉంటే ఇలాంటి పరిస్థితులు ఉత్పన్నం కావు."

సర్క్యులర్లోని రెండో అంశం అప్పుడు విశ్వంభరం కంటపడింది. నోట్‌బుక్‌ను బట్టలో చుట్టి, లక్క ముద్ర వేసి, రక్తనిధి గోడనున్న ఇనుప బీరువాలో పెట్టించాడు. "పూర్వకాలపు సమాచార మూలం. తెరవరాదు" అని చీటీ అతికించారు. తన పుస్తకం తన కళ్ళ ముందే బీరువాలోకి పోయాక కనకలక్ష్మి మళ్ళీ రక్తం తియ్యడానికి పోయింది.

పటం పెరిగింది. బోర్డు చాలక కాగితాల మీదికి, కాగితాలు చాలక ఫ్లెక్సీ మీదికి ఎక్కింది. పన్నెండడుగుల ఎత్తు, నలభై అడుగుల పొడవు. దాన్ని నిలబెట్టడానికి ఇనుప చట్రం చేయించి రక్తనిధి గోడకు బిగించారు. బీరువా ఆ చట్రం వెనక్కి పోయింది. ఫ్రిజ్ అడ్డమొస్తోందని వరండాలో పెట్టించారు. దాతలు పడుకునే మంచం వల్ల పటం కింది వరస కనిపించడం లేదని దాన్ని స్టోరుకు పంపించారు. రక్తనిధిలో ఇప్పుడు రక్తానికి తప్ప అన్నిటికీ చోటుంది.

అంతలో రాజధాని నుంచి మార్గదర్శకాలు దిగాయి. పటంలో గీత మీద గీత పడరాదు. గీత గీతను దాటితే అయోమయమట. అరవై నాలుగు గళ్ళ మధ్య గీతలు దాటుకోకుండా ఉండాలంటే గళ్ళను దూరదూరంగా జరపాలి. జరిపారు. పటం రక్తనిధి దాటి ఆసుపత్రి గోడల వెంట పాకింది. రోగి గడి ఓపీ చీటీల కిటికీ పక్కకు వెళ్ళింది. దాత గడి జరిగి జరిగి మార్చురీ గోడ దగ్గర తేలింది. రెంటి మధ్యా గీత కాన్పుల వార్డు చుట్టూ తిరిగి, క్యాంటీన్ పైనుంచి పోయి, మధ్యలో పందొమ్మిది గళ్ళు దాటి చేరుతుంది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది. పొరుగు జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చి చూసి, ఫోటోలు దిగి వెళ్ళారు. వచ్చినవాళ్ళలో ఒక్కరైనా రక్తమిచ్చి పోలేదు. పడుకోబెట్టడానికి మంచం లేదు.

ఒక బుధవారం పొద్దున పదిన్నరకు కాన్పుల వార్డు నుంచి చీటీ వచ్చింది. స్రవంతి, ఇరవై మూడేళ్ళు, మొదటి కాన్పు, ఒంట్లో రక్తం సగమే ఉంది, రెండు గంటలకు ఆపరేషన్. ఓ నెగెటివ్ రెండు బాటిళ్ళు కావాలి. చీటీ తెచ్చింది ఆమె భర్త తిరుపతి, ఆటో నడుపుతాడు. చొక్కా చెమటకు వీపుకంటుకుని ఉంది.

కనకలక్ష్మి వరండాలో ఫ్రిజ్ తెరిచి చూసింది. ఆ గ్రూపు ఒక్కటీ లేదు. ఖాజా మియా మనసులో మెదిలాడు. ఫోన్ నంబరు మాత్రం గుర్తులేదు, అది బీరువాలో ఉంది. సూపరింటెండెంట్ గదికి పరుగెత్తింది.

"సార్, బీరువా తెరిపియ్యుండ్రి. పుస్తకం గావాలె. పాణం మీదికొచ్చింది."

విశ్వంభరం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నీ ఆవేదన అర్థం చేసుకోదగినదే. కానీ బీరువా తెరవాలంటే చట్రం విప్పాలి. చట్రం విప్పాలంటే పటం దింపాలి. ఆమోదం దశలో ఉన్న పటాన్ని దింపే అధికారం నాకు లేదు. మార్పు అభ్యర్థన పెట్టుకో. కమిటీ శుక్రవారం కూర్చుంటుంది."

"శుక్రారం దాక ఆ పిల్ల ఆగుతదా సార్?"

"అది వైద్యపరమైన అంశం" అన్నాడు డాక్టర్ విశ్వంభరం.

ఈలోగా హరినందన్ తిరుపతిని పటం దగ్గరికి తీసుకెళ్ళాడు. మనిషి కంగారుగా ఉన్నాడు, వ్యవస్థ మీద నమ్మకం కలిగించాలని ఆయన సదుద్దేశం. ఒక పొడుగాటి కర్ర పట్టుకుని చూపించడం మొదలెట్టాడు.

"ఇదిగో, దాత ఇక్కడ మొదలవుతాడు. ఇక్కడ అర్హత గడి. ఇటు నుంచి సేకరణ, పరీక్ష, నిల్వ, కేటాయింపు. రండి, నాతో నడవండి."

తిరుపతి నడిచాడు. పెద్ద సారు చెబుతున్నప్పుడు కాదనే అలవాటు అతనికి లేదు. కాన్పుల వార్డు గోడ వెంట నడిచాడు, లోపల భార్య మూలుగు వినిపించిన చోట ఆగబోయాడు, "ఇక్కడ ఆగకూడదు, గీత ఇంకా ఉంది" అంటే మళ్ళీ నడిచాడు. క్యాంటీన్ దాటారు. ఓపీ కిటికీ దగ్గర హరినందన్ ఆఖరి గడి మీద కర్ర పెట్టి చిరునవ్వు నవ్వాడు.

"ఇదే మీ భార్య. రక్తం ఇలా వచ్చి ఈమెకు చేరింది. ఎక్కడైనా సందేహం ఉందా?"

తిరుపతి ఆ గడి వంక చూశాడు. దగ్గరికెళ్ళి వేలితో తాకి చూశాడు.

"మంచిగున్నది సార్. మరి రక్తమేది?"

"చెప్పాను కదా. అది భౌతిక స్థాయి."

కనకలక్ష్మి అక్కడికొచ్చేసరికి ఇదీ పరిస్థితి. ఇరవై రెండేళ్ళలో ఏ అధికారి ముందూ గొంతు పెంచని మనిషి, తిరుపతి రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"ఆటో ఉన్నదా?"

"గేటు కాడ ఉన్నది మేడమ్."

"నడువు. నంబరు లేకుంటేంది, ఇస్త్రీ బండి యాడుంటదో నాకెరుక."

హరినందన్ వెనక నుంచి, "మేడమ్, ఏ మార్గంలో వెళుతున్నారో కనీసం నమోదు చేయించి వెళ్ళండి" అని కేకేశాడు. ఆమె వినిపించుకోలేదు.

గాజుల గల్లీలో ఇస్త్రీ బండి ఉన్నచోటే ఉంది. ఇస్త్రీ ఆయన నిప్పుల పెట్టె పక్కన పెట్టి, "ఓ ఖాజాబాయ్! కనకక్కొచ్చింది" అని అరిచాడు. ఖాజా మియా బయటికొచ్చాడు. చేతిలో గాజుల తోరణం అలాగే ఉంది.

"క్యా అక్కా, ఆర్నెల్లాయె నువ్వు రాక. నా రక్తం మీద మనసిరిగిందా ఏంది?"

"ముచ్చట తర్వాత ఖాజాబాయ్. తమ్ముణ్ణి గూడ పిలువు. రెండు గావాలె."

ఖాజా మియా ఆమె ముఖం చూశాడు, వెనక ఆటోలో తిరుపతి ముఖం చూశాడు. లోపల ఇద్దరు ఆడవాళ్ళు గాజులు తొడిగించుకుంటుంటే సగంలోనే లేపి బయటికి పంపి షట్టర్ లాగేశాడు.

ఆసుపత్రికి తిరిగొచ్చాకే రక్తనిధిలో మంచం లేదని గుర్తొచ్చింది. ఆ గదిలో మనిషి పడుకోదగిన వస్తువు ఒక్కటే ఉంది, కమిటీ సమావేశాల బల్ల. కనకలక్ష్మి దాని మీది పూలకుండీ, మంచినీళ్ళ సీసాలు, పటం పదకొండో ప్రతి కాగితాలు అన్నీ ఒక్క ఊపున కిందికి తోసి ఖాజా మియాను పడుకోబెట్టింది.

"ఖాజాబాయ్, గా తెల్ల పావురం గుడ్లు పెట్టిందా?"

"పెట్టిందక్కా! రెండు. ఒకటి పిల్లి దిన్నది. ఆ పిల్లిని నేను..." అంటూ అతను పిల్లి మీద పగ చెప్పుకుంటూ ఉండగానే సూది దిగిపోయింది. తమ్ముడికి పావురాలక్కర్లేదు, వాడు ఫోన్ చూసుకుంటూ ఇచ్చేశాడు. పరీక్షలన్నీ ఆమె ఒక్కతే పరుగుల మీద చేసుకుంది. ఆపరేషన్ ఒక గంట ఆలస్యంగా మొదలైంది. మూడూ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది. కనకలక్ష్మి వరండాలో ఫ్రిజ్‌కు ఆనుకుని కూర్చుని ఏడ్చింది, తర్వాత లేచి మొహం కడుక్కుంది.

మర్నాడు మెమో వచ్చింది. "పటం ప్రకారం దాత నుంచి రోగికి రక్తం చేరుటకు పందొమ్మిది గళ్ళు దాటవలసి ఉండగా, తాము ఒక్క గడియైనా దాటనట్లు గడి బాధ్యులు ధ్రువీకరించియున్నారు. తమపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను." కనకలక్ష్మి మూడు రోజులు తీసుకోలేదు. అక్కడే నిలబడి కింద రాసిచ్చింది: "దారి తెలియక నేరుగా పోయాను."

కమిటీ శుక్రవారం కూర్చుంది. ఆ బల్ల చుట్టూనే. రెండు పూటలు చర్చించి ఒక నిర్ణయానికొచ్చింది. పటంలో తప్పు లేదు. పటంలో తప్పు లేనప్పుడు, పటంలో లేని దారిన రక్తం వెళ్ళే అవకాశం లేదు. అవకాశం లేనిది జరిగినట్టు నమోదు చేయడం సమాచార శుద్ధికి భంగకరం. కాబట్టి ఏమీ జరగలేదు. జరగని దానికి శిక్ష కూడా వేయలేరు గనక కనకలక్ష్మిని దయతలచి వదిలేశారు. స్రవంతి డిశ్చార్జి కాగితంలో "రక్తం ఎక్కించబడలేదు" అని రాసి ముద్ర కొట్టారు.

తిరుపతి ఆ కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఇదేంది మేడమ్? రక్తం ఎక్కియ్యలేదని రాసిండ్రు. మరి మా ఇంటామె ఎట్ల బతికింది?"

"భౌతిక స్థాయిల బతికింది తియ్యి" అంది కనకలక్ష్మి. "బిడ్డను సల్లంగ సూసుకో, పో."

పద్నాలుగో ప్రతికి ఆమోదం దొరికింది. పాత పదమూడు ఫ్లెక్సీలూ ఆసుపత్రి వెనక కుప్ప పడ్డాయి. రోగుల వెంట వచ్చినవాళ్ళు ఎండకూ వానకూ ఉండే రేకుల షెడ్డు ఒకటుంది, దాని రేకులు పోయినేడు గాలికి లేచిపోయాయి. మన జనానికి ఫ్లెక్సీ కనిపిస్తే ఏం చెయ్యాలో ఒకరు చెప్పాలా? నలుగురు కలిసి పదకొండో ప్రతిలో నలభై అడుగుల ముక్కను కర్రల మీద పరిచి తాళ్ళతో బిగించేశారు. గళ్ళూ గీతలూ ఆకాశం వైపు, తెల్లటి వెనక వైపు కిందికి.

కనకలక్ష్మి ఒక మధ్యాహ్నం అన్నం తినడానికి అక్కడ కూర్చుని పైకి చూసింది. నలభై అడుగుల తెల్ల జాగా. సూది గది నుంచి నల్ల మార్కర్ తెచ్చి, స్టూలేసుకుని ఎక్కింది. మొదటి పేరు ఖాజా మియా. తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి. గల్లీలు తిరిగి కొన్ని అడిగి తెచ్చుకుంది, విన్నవాళ్ళు కొన్ని తెచ్చిచ్చారు. ఈసారి పేరుకు, గ్రూపుకు, ఫోనుకు తలా ఒక వేలెడు చోటిచ్చి, మిగతాదంతా రిమార్కులకే వదిలింది. రక్తం కావలసినవాళ్ళు షెడ్డులో వెల్లకిలా పడుకుని, పైన చదువుకుని, అక్కణ్ణుంచే ఫోన్లు చేసుకోవడం మొదలెట్టారు. ఇస్త్రీ బండికి పని పెరిగింది.

ఉత్తమ పటం పురస్కారం కోసం రాజధాని నుంచి ఉన్నత స్థాయి బృందం వచ్చిన రోజున పెద్ద వాన. బృంద నాయకుడు కారు దిగి, లోపలికి పరుగెత్తలేక షెడ్డు కిందికి దూరాడు. వెంట విశ్వంభరం, హరినందన్. చుక్క నీరు కారడం లేదు. నాయకుడు తలెత్తి చూశాడు. ఫ్లెక్సీ పలచగా ఉంది. పైన గళ్ళూ గీతలూ వెలుతురుకు లీలగా కనిపిస్తున్నాయి, వాటి మీదుగా నల్ల మార్కర్ అక్షరాలు. పక్కన ఒక ముసలమ్మ మెడ పైకెత్తి చదువుకుంటూ ఎవరికో ఫోన్లో, "పావురాలు మంచిగున్నయా బిడ్డా?" అని అడుగుతోంది.

"ఇది మీ పటమేనా?" అన్నాడు నాయకుడు.

హరినందన్ ఒక్క క్షణం తటపటాయించాడు. "మాదే సార్. పదకొండో ప్రతి."

"ప్రజలు దీన్ని వాడుతున్నారే!"

"ఆదేశాల వెలుగులో పటాన్ని జనసామాన్యం చెంతకు చేర్చడం జరిగింది సార్" అన్నాడు విశ్వంభరం వెంటనే.

పురస్కారం వచ్చింది. నివేదికలో ఇలా రాశారు: "ఈ పటం కింద గత మాసంలో ముప్పై ఒక్క మందికి రక్తం అందినది. సరైన నిర్మాణ పటం ఉంటే రిమార్కుల వంటి గళ్ళ అవసరమే రాదని ఇది నిరూపించినది." సన్మానానికి పటం బాధ్యులందర్నీ వేదిక మీదికి పిలిచారు. బీరువా చట్రం వెనకే ఉంది, చీటీ ఊడలేదు.

సన్మానం జరుగుతున్నప్పుడు కనకలక్ష్మి షెడ్డులో స్టూలు మీద నిలబడి ఉంది. ఖాజా మియా కొత్త సిమ్ము తీసుకున్నాడట. పాత నంబరు కొట్టేసి కొత్తది రాసింది. పక్కన రిమార్కు మార్చలేదు. కొత్త ఫోన్ కూడా ఎత్తడు.